ఎడమవైపు అని రాసింది నేనే

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు ఇద్దరు నన్ను ఒకే మాట అడిగారు: "ఆంటీ, అసలు మీరు రోజంతా ఏం చేసేవారు?" వీడ్కోలు సభలో నాకు చదివిన సన్మాన పత్రంలో దానికి జవాబు లేదు. అందులో "అలుపెరుగని సేవ" అని ఉంది. అలుపు నాకు చాలా వచ్చింది. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆ పత్రం రాసిన కమిటీవాళ్లు నన్ను ఎందుకు నాలుగు నెలలు ముందే ఇంటికి పంపారో కూడా అందులో లేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

పని

ఢిల్లీలో ఒక తెలుగు క్రైస్తవ సంఘానికి నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఇళ్లు తిరిగే సువార్తికురాలిగా పనిచేశాను. మా ఒంగోలు వైపు బైబిల్ ఉమన్ అంటారు. ఆదివారం పాస్టరుగారు ప్రసంగిస్తారు. సోమవారం నుంచి శనివారం దాకా ఇళ్లకు వెళ్లేది మేము. సరోజినీ నగర్ క్వార్టర్లు, సాకేత్ ఫ్లాట్లు, ఘాజియాబాద్‌లో నాలుగో అంతస్తులు. లిఫ్టు ఉన్నవి సగం, ఉన్నా పనిచేయనివి అందులో సగం.

తలుపు తట్టాలి. కూర్చోవాలి. టీ వద్దనకూడదు. ఇంటావిడ మొదటి పది నిమిషాలు పిల్లల మార్కుల గురించి, పనిమనిషి గురించి చెబుతుంది. అసలు సంగతి పదకొండో నిమిషంలో వస్తుంది. అప్పటిదాకా నోరు మూసుకుని కూర్చోగలిగితే ఈ పనికి మీరు పనికొస్తారు. కూర్చోలేనివాళ్లు వెంటనే ప్రార్థన మొదలుపెడతారు. ఎదుటి మనిషిని మాట్లాడనివ్వకుండా చేయడానికి ప్రార్థన మంచి సాధనం. దాన్ని అలా వాడేవాళ్లను చాలామందిని చూశాను.

వచ్చిన విన్నపాన్ని రాసుకునేదాన్ని. పొడుగు నోటు పుస్తకం, అయిదు గళ్లు: తేదీ, పేరు, ఇల్లు, విన్నపం, జవాబు. విన్నపం నెరవేరితే చివరి గడిలో టిక్కు, తేదీ. ఇలాంటివి పన్నెండు పుస్తకాలు నిండాయి. చివరి గడి ఎక్కువగా ఖాళీగానే ఉండేది. ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీగా ఉండనివ్వడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం. ఎలాగైనా నింపాలన్న ఆత్రం పుట్టిందంటే, మోసగాడికి మీరు కుర్చీ వేసి ఉంచినట్టే.

నన్ను పనిలో పెట్టుకున్న మొదటి పాస్టరుగారు కోపిష్టి. ప్రసంగాలు కూడా అంతంతమాత్రం. కానీ ఒక మాట చెప్పారు: "ఎస్తేరమ్మా, ఈ పుస్తకం నీ సంచిలోంచి బయటికి రాకూడదు. నేనడిగినా ఇవ్వకు." ఆయన ఉన్నన్నాళ్లూ నేను ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

గుమ్మం దగ్గరి విరోధం

సువార్తకు విరోధం అనగానే మీరంతా ఒకే వైపు చూస్తారు. అదీ ఉంది. చెప్తాను.

ఘాజియాబాద్‌లో ఒక ఫ్లాటులో శుక్రవారం ప్రార్థన కూడిక జరుగుతుండగా సొసైటీ సెక్రటరీ, ఇంకో ఇద్దరు, ఒక కానిస్టేబుల్ వచ్చారు.

"మాతాజీ, యహా క్యా చల్ రహా హై?" ఇక్కడేం జరుగుతోందన్నాడు సెక్రటరీ.

"ప్రార్థన."

"అబ్ తక్ కిత్‌నోం కో బదల్ దియా?" ఎంతమందిని మార్చారని.

నేను లెక్క చెప్పాను. గదిలో పదముగ్గురం ఉన్నాం. పన్నెండుమంది తాతల కాలం నుంచి క్రైస్తవులు. పదమూడో ఆయన ఈ ఇంటి అల్లుడు, ఆయన్ని మార్చడం ఎవరి వల్లా కాలేదు, అదిగో సోఫాలో నిద్రపోతున్నాడు. కానిస్టేబుల్ నవ్వాడు. తలలు లెక్కపెట్టుకున్నాడు, టీ తాగాడు, వెళ్లిపోయాడు. సెక్రటరీకి ఇంకేం దొరకక లిఫ్టు ముందు చెప్పులు వదిలారని పోట్లాడాడు. చెప్పుల సంగతి నిజమే. మరుసటి శుక్రవారం నుంచి లోపల పెట్టించాను.

ప్రతిసారీ ఇంత తేలిగ్గా పోలేదు. ఒక కుటుంబాన్ని ఇంటి ఓనరు కూడిక పేరుతో ఖాళీ చేయించాడు. ఒకచోట నా సంచి లాక్కుని కాగితాలు చింపారు. భయం వేసింది. దాన్ని తక్కువ చేసి చెప్పను. అయితే వాళ్లెవరూ ప్రభువు పేరు చెప్పి మా మనుషుల చేత వైద్యం మాన్పించలేదు. అది చేసినవాడికి మేము శాలువా కప్పాం.

దైవజనుడు

నన్ను పంపేసిన ఏడాది ఫిబ్రవరి చివరి వారం, శుక్ర శని ఆదివారాలు మూడు రోజులు, ఘాజియాబాద్‌లో ఒక పెళ్లిళ్ల హాలు తీసుకుని ఉజ్జీవ సభలు పెట్టారు. ఆంధ్ర నుంచి ఒక ప్రవక్తను పిలిచారు. పేరు రాయను, ప్రచారం ఆయనకు చాలినంత ఉంది. తెల్ల సూటు, వెంట సొంత కీబోర్డు మనిషి, వీడియో తీసేవాళ్లిద్దరు. ఆయన ప్రసంగంలో వాక్యం ఎంత ఉందో వాచీ పెట్టి చూశాను. మొదటి రోజు గంటా నలభై నిమిషాల్లో పదకొండు నిమిషాలు. మిగతాదంతా ఆయన గురించే.

సభలకు పది రోజుల ముందు కమిటీ సెక్రటరీ విల్సన్‌రాజు మా ఇంటికొచ్చాడు. గురుగ్రామ్‌లో పెద్ద కంపెనీలో మేనేజరు. మాటలో తేనె, చేతిలో ఎప్పుడూ ఫోను.

"ఆంటీ, దైవజనులు సభలకు ముందు ఉపవాసముండి ప్రార్థిస్తారట. మన సంఘం విన్నపాలు పంపమన్నారు. మీ అంత పకడ్బందీగా ఎవరు రాస్తారు చెప్పండి. మీ నోట్‌బుక్ కొంచెం ఇస్తే ఫొటోలు తీసుకుంటాను."

మొదటి పాస్టరుగారి మాట ఆ క్షణంలో గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. కానీ ముప్పై ఒక్క ఏళ్లలో నా రాతను మెచ్చుకున్న మొదటి మనిషి విల్సన్‌రాజు. పుస్తకం తీసి ఇచ్చాను. పైగా పేజీలు సరిగ్గా పడేలా టేబుల్ లైటు వేసి పట్టుకున్నాను. ఎనిమిది పేజీలు.

ఆ పేజీల్లో సుగుణ ఉంది. భర్త ప్రసాదు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, సరోజినీ నగర్‌లో క్వార్టరు, ఒక్కతే కూతురు షైనీ, కాలేజీ చదువుతోంది. ఫిబ్రవరి మొదటి మంగళవారం నేను వాళ్లింటికి వెళ్లాను. పదకొండో నిమిషం రావడానికి ఆ రోజు గంట పట్టింది. పక్క గదిలో భర్త ఉన్నాడని సిగ్గుపడి సుగుణ ఆ మాట నోటితో అనలేదు. పైట మీద చెయ్యి పెట్టి చూపించింది. రొమ్ములో గడ్డ. సూది పరీక్ష అయింది, క్యాన్సరే అన్నారు. మార్చి రెండో గురువారం ఆపరేషన్, ముందు రోజు బుధవారం చేరాలి. ఇంకా చిన్నగానే ఉంది, త్వరగా తీసేస్తే మంచిదని డాక్టరు చెప్పిందట. "మా ఇల్లు దాటి ఎవరికీ తెలియదు, చెప్పకండాంటీ," అంది. చెప్పనన్నాను. రాసుకున్నాను.

సభల రెండో రోజు ప్రవక్త కళ్లు మూసుకుని మైకులో మొదలుపెట్టాడు. "సరోజినీ నగర్... క్వార్టర్స్... సుగుణ. సుగుణ అనే నా బిడ్డ ఇక్కడ ఉంది. ఎడమ రొమ్ములో గడ్డ. ఎవరికీ చెప్పలేదు నువ్వు. ప్రభువు చూశాడు. ఇదిగో కరుగుతోంది. ఇక కత్తి నిన్ను ముట్టదు. ఇది విన్నాక కూడా కత్తి దగ్గరికి పోయేవాడు ప్రభువును అబద్ధికుణ్ణి చేస్తున్నాడు."

సుగుణ స్టేజి ముందు కుప్పకూలి ఏడ్చింది. నాలుగువందల కుర్చీల హాలు దద్దరిల్లింది. నేనూ చేతులెత్తి హల్లెలూయ అన్నాను. పేరు, ఇల్లు, జబ్బు, అన్నీ సరిపోయాయి. నా పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. అలా ఉన్నాయన్నదే అనుమానించవలసిన విషయమని ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసున్న మనిషికి తట్టలేదు.

షైనీ అడిగింది

చేరవలసిన బుధవారం ఉదయం, తోడు వెళ్దామని వాళ్లింటికి వెళ్లాను. సుగుణ వంటింట్లో వడియాలు వేయిస్తోంది. సంచి సర్దలేదు.

"వెళ్లటం లేదాంటీ. ప్రభువు ముట్టాడు. గడ్డ తగ్గినట్టే ఉంది, చేతికి తెలుస్తోంది."

"డాక్టరు చూసిందా?"

"మళ్లీ డాక్టరెందుకు? చూపించుకుంటే అవిశ్వాసం కాదూ?"

షైనీ ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి ఉంది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలోనే. "ఆంటీ, ఏక్ బాత్ బతాయియే. ఉస్ ఆద్మీ నే లెఫ్ట్ బోలా థా. మమ్మీ కా తో రైట్ మే హై."

ఆయన ఎడమ అన్నాడు, గడ్డ ఉన్నది కుడివైపు. నేను సుగుణ వైపు చూశాను.

"దానికేముంది," అంది సుగుణ, వడియాలు తిప్పుతూ. "ఆయన స్టేజి మీద నాకు ఎదురుగా నిలబడ్డాడు కదా. ఆయన వైపు నుంచి చూస్తే ఎడమే."

వేడి వడియం నా చేతిలో పెట్టింది. నేను తినలేదు. ఆ మంగళవారం నేను కూడా ఆమెకు ఎదురుగానే కూర్చున్నాను. ఆమె చేత్తో చూపించింది. నా కంటికి ఎడమవైపు కనిపించింది.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. 'సుగుణ, ఎడమ రొమ్ములో గడ్డ.' నా చేతి రాత, స్పష్టంగా ఉంది. రిపోర్టులో కుడి అని ఉంది, డాక్టరు చీటీలో కుడి అని ఉంది, మనిషి ఒంట్లో కుడివైపు ఉంది. ఈ లోకంలో ఎడమ అని ఉన్నది నా పుస్తకంలో ఒక్కచోటే.

కూర్చుని సభల వీడియోలు మూడూ మొదటి నుంచి చూశాను. ప్రవచనాలు మొత్తం పధ్నాలుగు. పధ్నాలుగూ నా పేజీల్లోవే, పేజీల వరుసలోనే. ఆరో పేజీ అడుగున ఉన్న రెండు విన్నపాలు ఆయనకు బయలుపడలేదు. విల్సన్‌రాజును ఫొటోలు పంపమంటే పంపాడు. ఆరో ఫొటో అడుగున నా బొటనవేలు అడ్డం పడింది. పరిశుద్ధాత్మకు నా బొటనవేలు అడ్డమని నేను ముప్పై ఒక్క ఏళ్లూ ఎరగను.

సంజాయిషీలు

ఆ తరువాత విన్నవి వరుసగా రాస్తున్నాను. మీరూ వింటారు గనుక ముందే తెలిసి ఉండడం మంచిది.

విల్సన్‌రాజు: "ఆంటీ, కుడివైపు ఉన్నది మనకు తెలిసింది. ఎడమవైపు రాబోయేది ఆయనకు తెలిసింది. రాకముందే తీసేశాడు."

"మరి కుడివైపుదో?"

"దానికి ప్రార్థన చేద్దాం."

ప్రవక్తకే ఫోను చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. గొంతు చాలా మృదువుగా ఉంది. "అమ్మా, మీ పుస్తకంలో ఆ మాట మీ చేత రాయించింది ఎవరనుకుంటున్నారు?"

"దేవుడే రాయించి ఉంటే కుడీ ఎడమా తెలిసి రాయించేవాడు. రాసింది నేను. అందుకే తప్పు పడింది," అన్నాను. పెట్టేశాడు.

ఇప్పటి పాస్టరుగారు చెడ్డమనిషి కాదు. భయస్థుడు. సంఘంలో భయస్థుడు చేసే నష్టం చెడ్డవాడు చేయలేడు, ఎందుకంటే చెడ్డవాణ్ణి జనం కనిపెట్టి ఉంటారు. తలుపు దగ్గరికి వేసి అన్నారు: "ఎస్తేరమ్మగారూ, బయట మన పరిస్థితి చూస్తున్నారుగా. క్రైస్తవులంటే మోసగాళ్లని ఇప్పటికే అంటున్నారు. ఇది బయటికి పొక్కితే వాళ్ల చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు. సువార్తకు ఆటంకం కాదా?"

"అయ్యగారూ, వాళ్లన్నది ఈ ఒక్క విషయంలో నిజం. మోసం జరిగింది. ఆ అమ్మాయి ఆపరేషన్ మానేసింది."

"ఒక్క మనిషి కోసం సంఘం చీల్చుకుంటామా?"

ఆ ఒక్క మనిషిలో గడ్డ పెరుగుతోందని ఆయనకు గుర్తుచేశాను. ప్రార్థనలో పెడదామన్నారు.

చివరికి సుగుణ దగ్గరికే పుస్తకం పట్టుకెళ్లి పేజీ చూపించాను. ఒప్పుకున్నాను. నేను చెప్పనని మాటిచ్చి పుస్తకం ఇచ్చేశాను, నీ కష్టం నా చేతుల మీదుగా ఆయన ఫోనులోకి వెళ్లింది అన్నాను. ఆమె పేజీ చదివి పుస్తకం నా వైపు తోసింది.

"మీరు కుళ్లుకుంటున్నారాంటీ. ఇన్నేళ్లు ఇళ్లు తిరిగారు. మీ ప్రార్థనకు ఎవరికైనా ఏమైనా తగ్గిందా? ఆయన ఒక్క మాటకు నాకు తగ్గింది. ఓర్చుకోలేకపోతున్నారు."

ప్రసాదు ఆ సమయంలో ఆఫీసులో ఉన్నాడు. అతనికి విడిగా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇది కూడా రాయాలి.

మైకు

ఈస్టరు తరువాతి ఆదివారం. సాక్ష్యాల సమయం. ఎవరైనా ముందుకొచ్చి ప్రభువు చేసిన మేలు చెప్పవచ్చు. నేను లేచి వెళ్లాను. ప్రభువు నా మోకాళ్ల నొప్పి తగ్గించాడని చెబుతానని అనుకున్నారు.

పేర్లేవీ చెప్పలేదు. పుస్తకం పైకెత్తి, సభలకు ముందు ఇందులో ఎనిమిది పేజీలు ఫొటో తీయించానని, పధ్నాలుగు ప్రవచనాలూ ఆ పేజీలవేనని, ఒకచోట నేను తప్పు రాస్తే తప్పే బయలుపడిందని చెప్పాను. "మీరు రహస్యంగా చెప్పినవి బయటపెట్టింది దేవుడు కాదు, నేను. మందులు, ఆపరేషన్లు మానుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే రేపు ఉదయమే ఆసుపత్రికి వెళ్లండి."

ఇక్కడికి వచ్చేసరికి విల్సన్‌రాజు మైకు ఆపేశాడు. నేను ఆదివార బడిలో అరవైమంది పిల్లలకు మైకు లేకుండా పాఠం చెప్పినదాన్ని. మిగతాది మైకు లేకుండా చెప్పాను.

"కూర్చో అమ్మా, చాలు," అన్నారు ఎవరో మగవాళ్లు. ముందు వరుసలో ఒకావిడ, "పెద్దావిడకు మతి సరిగా లేదు పాపం," అంది, నాకు వినపడేలా. ఆ విన్నపాల్లో ఆవిడదీ ఒకటి ఉంది. సుగుణ తల వంచుకుని కూర్చుంది. లేచింది ప్రసాదు. నడవాలో నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు.

"ఆ పేజీ చూపించండి."

చూపించాను. భార్య పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. "నేను కుడి అని చెప్పాను డాక్టరుకి. నేనే ఫారం నింపాను," అన్నాడు, నాతో కాదు, తనతో. పుస్తకం తిరిగిచ్చి భార్య పక్కకు వెళ్లి కూర్చున్నాడు. సోమవారం సెలవు పెట్టి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పోట్లాడి తీసుకెళ్లాడని షైనీ తరువాత చెప్పింది.

నాకు బుధవారం కమిటీ నుంచి 'విశ్రాంతి' ఉత్తరం వచ్చింది. ప్రవక్తకు ఎవరూ ఏ ఉత్తరమూ రాయలేదు. ఆయన వీడియోలు ఇప్పటికీ వస్తున్నాయి, సుగుణ ఏడుస్తున్నది కూడా అందులో ఉంది. తీసేయమని ప్రసాదు మూడుసార్లు రాశాడు.

ఆసుపత్రి

కొత్త తేదీ మే రెండో గురువారం దొరికింది. సరిగ్గా తొమ్మిది వారాలు పోయాయి.

తోడు రమ్మని సుగుణ అడుగుతుందని నేను అనుకోలేదు. అడిగింది. ఎందుకని నేను అడగలేదు. చేరేముందు డాక్టరు కాగితాలు తిరగేసింది. షైనీ కంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. "మార్చ్ మే డేట్ థీ. ఇత్‌నే దిన్ కహా థీ ఆప్?" మార్చిలో తేదీ ఇస్తే ఇన్నాళ్లూ ఎక్కడున్నారని.

"గావ్ గయీ థీ జీ," అంది సుగుణ. ఊరెళ్లానని.

నా పరువు, ఆ ప్రవక్త పరువు, సంఘం పరువు, అన్నిటినీ ఆ ఒక్క అబద్ధంతో కప్పింది. డాక్టరు రాసుకోబోతోంది. "గావ్ నహీ, డాక్టర్ సాహబ్," అన్నాను. "చర్చిలో మేము ఆపాం. నయమైపోయిందని చెప్పాం."

డాక్టరు నన్ను కింది నుంచి పై దాకా చూసింది. తిడుతుందనుకున్నాను. "అచ్ఛా," అని మాత్రం అని రాసుకుంది. ఆ 'అచ్ఛా' కంటే ఘాజియాబాద్ సెక్రటరీ కేకలు నయం.

వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాక సుగుణ నా వైపు తిరక్కుండా అంది: "ప్రార్థన చెయ్యండాంటీ. పైకి వద్దు. ఎవరికీ వినపడకూడదు."

చేశాను. పెదవులు కూడా కదపలేదు.

గడ్డ చంకలోకి పాకింది. మార్చిలో అయితే అంత కోయనక్కర లేకపోయేదేమో. 'ఏమో' అన్నది డాక్టరు మాట. నేను దాన్ని పెంచనూ తగ్గించనూ. మందులు, కరెంటు పెట్టడం అంటారే ఆ రేడియేషన్, అన్నీ అయ్యాయి. సుగుణ బతికి ఉంది. మా సంఘానికి రాదు. వేరే ఎక్కడికైనా వెళ్తుందా, ఇంట్లోనే ప్రార్థించుకుంటుందా, అదీ మానేసిందా, నాకు తెలియదు. మిగతా ఇళ్లలో కొన్ని నాకు తలుపు తీయడం మానేశాయి. వాళ్ల తప్పేం లేదు.

పరీక్షలకు వెళ్లే ప్రతిసారీ సుగుణ ఫోను చేస్తుంది. నేను వెళ్లి లైనులో ఆమె పక్కన కూర్చుంటాను. షైనీ పరీక్షల గురించి, క్వార్టరులో నీళ్ల గురించి మాట్లాడుకుంటాం. రిపోర్టు వచ్చాక ఆమె గోడ వైపు తిరిగి చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకుంటుంది. ఏముందని నేను అడగను. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాం. ఒక్కసారి చూపించింది.